ఎనభై ఏడో వంతు

మా ఇంట్లో రెండో బెడ్‌రూమ్‌లో మంచం లేదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్ల ఉంది. దాని మీద మూడేళ్ళుగా సత్యనారాయణపురం కడుతున్నాను. పేట మొత్తం కాదు. మేం అద్దెకున్న పాత ఇంటి వెనక గోడ దగ్గర మొదలై రైలు గేటు దగ్గర ఆగిపోయే ముక్క. లెక్కేస్తే నూట అరవై మీటర్లు.

విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెప్తున్నా. ఇప్పుడు సత్యనారాయణపురంలో బీఆర్‌టీఎస్ రోడ్డు అని ఒక వెడల్పాటి రోడ్డుంది. సాయంత్రమైతే తిండి బళ్ళు, వాకింగ్ చేసేవాళ్ళు, బైకుల మీద కూచుని కబుర్లు చెప్పుకునే ఇంజనీరింగ్ పిల్లలు. ఇరుకు సందుల పేటలోంచి ఇంత తిన్నటి రోడ్డు ఎలా వచ్చిందా అని ఎవరికీ అనుమానం రాదు. అది ఒకప్పటి రైలు కట్ట. గుడివాడ, బందరు వెళ్ళే రైళ్ళు విజయవాడ స్టేషన్లోంచి బయటపడి మా పేట మధ్యగా వెళ్ళేవి. తర్వాత లైన్ని మధురానగర్ వైపు మళ్ళించారు. పట్టాలు పీకేశారు. ఆ జాగాలో రోడ్డొచ్చింది.

సత్యనారాయణపురం గురించి ఎవరు రాసినా ముందు సంగీతం వస్తుంది, బాలమురళీకృష్ణ గారు వస్తారు, తర్వాత రైలొస్తుంది. నేనూ అంతే. పొద్దున బందరు పాసింజరు కూత వినపడితే నాకు స్కూలు టైమైనట్టు. రాత్రి బండి వెళ్ళిందంటే నాన్న లైటు తీసేసినట్టు. మా ఇంటికి గోడ గడియారం అక్కర్లేదని నాన్న నవ్వేవాడు. ఈ మూడు వాక్యాలూ కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికి రావాలి.

కరోనా టైములో హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్‌తో సహా విజయవాడ వచ్చేశాను. ఆఫీసు మళ్ళీ పిలవలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. అంతకు చాలా ఏళ్ళ ముందు పూణేలో జోషీల మినియేచర్ రైల్వే మ్యూజియం చూశాను. 1998లో తెరిచారు. ఒక గదిలో చిన్న ఊరు, దాని చుట్టూ రైళ్ళు, దీపాలార్పితే కిటికీల్లో లైట్లు. అది బుర్రలో ఎక్కడో ఉండిపోయింది. ఊరికి తిరిగొచ్చాక బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఒకరోజు నడుస్తుంటే, మా ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. ఇంటికొచ్చి ప్లైవుడ్ ఆర్డరు పెట్టాను.

ఈ హాబీ గురించి తెలియని వాళ్ళకి రెండు లెక్కలు చెప్పాలి. నేను వాడేది హెచ్‌ఓ స్కేలు. అంటే అసలులో 87వ వంతు. ఐదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లకి కొంచెం తక్కువుంటాడు. మన మామూలు ఐసీఎఫ్ బోగీ పాతిక సెంటీమీటర్లు దాటుతుంది. ఒక ఇంజను, ఆరు బోగీలు పెడితే నా బల్ల నిండిపోతుంది. ఇక రైలు కదలడానికి చోటుండదు. అంచేత నా బందరు పాసింజరుకి మూడే బోగీలు.

రెండో లెక్క ఇంకా ఇబ్బందిది. ప్రపంచమంతా అమ్మే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87తో గుణిస్తే 1435. అది యూరప్, అమెరికాల్లో ఉండే స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్ గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు. తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. కానీ మన బోగీని ఆ పట్టాల మీద పెట్టి ఎదురుగా చూస్తే, పెద్దమనిషి ఎవరిదో చిన్న చెప్పులేసుకుని నిలబడ్డట్టుంటుంది. మన దగ్గర చాలామంది దానికి సర్దుకుపోతారు. నేను సర్దుకోలేకపోయాను. పట్టాలు సొంతంగా వేసుకున్నాను. చక్రాల యాక్సిళ్ళు పొడుగ్గా కావాల్సొచ్చి ఆటోనగర్ వెళ్ళాను. లారీ విడిభాగాలు తిప్పే లేత్ మిషన్ దగ్గర అతను నా యాక్సిల్‌ని అరచేతిలో పెట్టుకుని, "ఇదేంటండీ, సూదా?" అన్నాడు. మూడోసారికి సరిగ్గా తిప్పిచ్చాడు. డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు.

తర్వాత స్లీపర్లు. మా ఇంటి వెనక చెక్క స్లీపర్లు ఉండేవి కావు. పట్టా కింద బోర్లించిన మూకుళ్ళలాంటి పోత ఇనప పళ్ళేలు, రెండు పళ్ళేలనీ కలుపుతూ ఒక ఇనప కడ్డీ. సీఎస్‌టీ-9 అంటారని పెద్దయ్యాక తెలిసింది. సెంట్రల్ స్టాండర్డ్ ట్రయల్ వరసలో తొమ్మిదోది. మన దేశం కోసం తయారైన డిజైను కాబట్టి విదేశీ కంపెనీల క్యాటలాగుల్లో కనపడలేదు. కంప్యూటర్లో మోడల్ గీసి, 3డీ ప్రింట్ చేయించి, ఒక్కోటీ అతికించాను. రెండు వందల నలభై చిల్లర స్లీపర్లు. అంటే ఐదు వందలకి కాస్త తక్కువ పళ్ళేలు. నాలుగు నెలల శని ఆదివారాలు వాటికే పోయాయి.

కంకర కోసం కృష్ణ ఇసుక తెచ్చి టీ వడకట్టుతో జల్లించాను. పిడికిట్లో పట్టే కంకర రాయి 87వ వంతుకొస్తే ఇసుక రేణువంతే. దాన్ని పట్టాల మధ్య బ్రష్షుతో సర్ది, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా వదలాలి. ఆ సబ్బు చుక్క లేకపోతే జిగురు ముత్యంలా పైనే నిలబడి ఇసకని దొర్లించేస్తుంది. ఈ సంగతి తెలిసేలోపు రెండడుగుల ట్రాకు పాడుచేసుకున్నాను.

ఆ తర్వాత రంగు, మురికి. అమెరికాలో మాంటెరేలో జాన్ అలెన్ అని ఒకాయనుండేవాడు. తళతళలాడే బొమ్మ రైళ్ళకి తుప్పు, మసి, దుమ్ము పూసి నిజం రైళ్ళలా చూపించడం ఎలాగో ఒక తరానికి నేర్పినవాడు. 1973 జనవరిలో ఆయన పోయాడు. పోయిన పది రోజులకి ఆ లేఅవుట్ దాదాపు మొత్తం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మిగిలినవి ఫొటోలు. నేను వాటిని చూస్తూనే నా పట్టాల పక్కలకి తుప్పు రంగు వేశాను, పైభాగం మాత్రం మెరిసేలా తుడిచాను. బోగీలకి పాత ఇటిక రంగు. నీలం బోగీలు తర్వాతి కాలానివి. ఎయిర్ బ్రేకులొచ్చాక రంగు మారింది. ఇంజను డబ్ల్యూడీఎం-2, మూతి దగ్గర మసితో. మా పాత ఇంటి గోడ మీద పెంకులు, బావి గిలక, మేడ మీద అప్పడాలు ఎండబెట్టిన చీర. ఆ చీర అంచుకి మామిడి పిందెలు కూడా గీశాను. భూతద్దం పెడితే కనిపిస్తాయి.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, నేను జాగ్రత్తగా చేసేవాణ్ణి అని మీరు నమ్మాలి. తర్వాత జరిగింది అజాగ్రత్త వల్ల కాదు.

లేఅవుట్లు కట్టేవాళ్ళకి ఒక మాట బాగా పరిచయం. సెలెక్టివ్ కంప్రెషన్. ఎంచి కుదించడం అనుకోవచ్చు. ఎంత పెద్ద బల్ల ఉన్నా అసలు చోటు అందులో పట్టదు. కాబట్టి కొన్ని వదిలెయ్యాలి, కొన్నిటిని దగ్గరికి జరపాలి. పది ఇళ్ళుంటే నాలుగే పెట్టాలి, కానీ చూసినవాడికి పదీ ఉన్నట్టే అనిపించాలి. కథకుడు చేసేది కూడా ఇదే కదా అని నాకు భలే సంతోషంగా ఉండేది. నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. ఒకసారి బాల్యం జ్ఞాపకాల పుస్తకం ఒకదాని మీద రాస్తూ కాస్త ఎత్తిపొడిచాను కూడా. ఈ ఊళ్ళో అందరూ అరుగుల మీద కూచుని కబుర్లు చెప్పుకుంటారు, అంట్లు ఎవరు తోముతున్నారో రచయిత ఒక్క పేజీలోనూ చూడలేదు అని. ఆ వాక్యం బాగుందని ఇద్దరు ముగ్గురు మిత్రులు మెసేజీలు పెట్టారు.

ఇంగ్లండ్‌లో పెండన్ మ్యూజియం అని ఒకటుంది. రాయ్ ఇంగ్లండ్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు 1925లో ఆ దేశం వచ్చి, వేల్ ఆఫ్ వైట్ హార్స్ పల్లెల్లో గడ్డికప్పుల పాత ఇళ్ళు ఒక్కోటీ మారిపోవడం, పోవడం చూసి, వాటిని కొలతలతో సహా 76వ వంతులో కట్టడం మొదలుపెట్టాడు. ఆయన పోయినా ఆ పని సాగుతోంది. నా గురించి నేను అలాగే అనుకునేవాణ్ణి. పోయినదాన్ని పోకుండా ఆపుతున్నానని.

మొన్న సంక్రాంతికి అమ్మ బొమ్మల కొలువు ఈ గదిలోనే పెట్టింది. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. నా బల్లకి ఎదురుగా మూడు మెట్లు కట్టి, తెల్ల పంచె పరిచింది. అమ్మ కొలువులో స్కేలు గీలు ఉండవు. కృష్ణుడు రైలింజను కంటే పెద్దవాడు. కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన మా అమ్మాయి ప్లాస్టిక్ డైనోసార్. కింద ట్రేలో మట్టి పోసి మెంతులు చల్లితే మొలిచిన పార్కు. ఎవరిచ్చిన బొమ్మైనా సరే, ఏదో ఒక మెట్టు మీద చోటు దొరుకుతుంది. "నువ్వు చేసేదీ ఇదేగా, కాకపోతే నాకు మూడు రోజులు, నీకు మూడేళ్ళు" అంటుంది.

డబ్బాలోంచి బొమ్మలు తీస్తూ ఒక ప్లాస్టర్ చిలకని పట్టుకుని ఆగింది. ముక్కు దగ్గర రంగు పోయింది. "ఇది బందరామె తెచ్చింది. చిలకలపూడి తిరనాళ్ళకెళ్ళి నీకోసం తెచ్చింది, గుర్తుందా?"

లేదు అన్నాను. చిలక గుర్తులేదు, బందరామె మాత్రం గుర్తుంది. మా ఇంట్లో అంట్లు తోమి బట్టలుతికేది. బందరు వైపు నుంచి వచ్చింది కాబట్టి అందరం అలాగే పిలిచేవాళ్ళం.

అమ్మ చిలకని రెండో మెట్టు మీద పెట్టి, నా బల్ల వైపు తిరిగింది. కళ్ళజోడు సర్దుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. బావి గిలక చూసి నవ్వింది. తన చీర చూసి ఇంకాస్త నవ్వింది. తర్వాత అడిగింది.

"మరి బందరామె ఇల్లేదిరా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"కట్ట పక్కనే కదా ఉండేది. గేటుకి ఇవతల, వరసగా పాకలు. నువ్విక్కడ చెట్టు పెట్టావేంటి? తురాయి చెట్టు గేటుకి అవతల కదా."

"చోటు సరిపోలేదమ్మా" అన్నాను.

అబద్ధం. చోటు చాలక కాదు. ఆ తురాయి చెట్టుకి రాగి తీగలు మెలిపెట్టి కొమ్మలు చేశాను, స్పాంజి పొడికి ఎర్ర రంగు వేసి పూలు అద్దాను, పది రోజులు పట్టింది. ఇటిక రంగు బోగీల వెనక ఆ ఎరుపు బాగుంటుందని గేటు అవతలి చెట్టుని ఇవతలికి జరిపాను. అదైనా తెలిసి చేసిన పని. పాకల సంగతి అలా కాదు. అవి ఉన్నాయన్న సంగతే నాకు రాలేదు. వదిలెయ్యాలని నేను అనుకోనేలేదు. ఎంచి కుదించడంలో ఎంచడం అనే మాటుంది కదా. నేను ఎంచింది కూడా ఏం లేదు.

ఆ రాత్రి మా పాత ఫొటో ఫైలు తెరిచాను. లేఅవుట్ మొత్తానికి నాకున్న ఆధారం ఒకే ఫొటో. మేడ మీద అమ్మ అప్పడాలు ఎండబెడుతోంది, వెనక కట్ట, పట్టాలు. స్లీపర్ల సంగతి తేలింది అందులోనే. దాన్ని ఎన్నిసార్లు జూమ్ చేసి చూశానో లెక్కలేదు. ఈసారి కంప్యూటర్లోది కాకుండా ఆల్బంలోంచి అసలు ఫొటో తీశాను. ఎడమ వైపు కింద మూల, కట్ట వారగా, నీలం పట్టా ఒకటి, దాని మీద ఎగిరిపోకుండా పెట్టిన రాళ్ళు, తాటాకు చూరు, ఒక తీగ మీద ఆరేసిన బట్టలు. కంప్యూటర్లో ఇవి లేవు. స్కాన్ చేసినప్పుడు ఆ మూలని నేనే క్రాప్ చేశాను. ఎందుకు చేశానో గుర్తులేదు. ఫ్రేములో అడ్డంగా ఉందనుకుని ఉంటాను.

ఐదు వందల ఇనప పళ్ళేలు లెక్కపెట్టాను. వాటికి రెండు మీటర్ల దూరంలో ఉన్న ఇంటిని కత్తిరించేశాను. ఆ పుస్తకం మీద నేను రాసిన వాక్యం గుర్తొచ్చింది. ఆ రచయితకి ఉత్తరం రాద్దామా అనిపించింది. రాయలేదు. ఏమని రాయాలి?

తర్వాతి వారం చెట్టు పీకాను. పాకలు కట్టడం మొదలుపెట్టాక తెలిసింది, నాకు వాటి గురించి ఏమీ తెలీదని. డబ్ల్యూడీఎం-2 పొడవు బఫర్లతో కలిపి 17.12 మీటర్లని నిద్రలో లేపినా చెప్తాను. పాక ఎత్తెంత? గుమ్మం ఎటు? గోడలు దేంతో? వీటికి డ్రాయింగులు ఎక్కడా దొరకవు. అమ్మని అడిగాను. అమ్మ కొలతలు చెప్పదు. "నిలబడితే చూరు నా భుజానికి తగిలేది, వంగి దూరాలి" అంటుంది. అమ్మ భుజం ఎత్తు కొలిచి 87తో భాగించాను. పదిహేను మిల్లీమీటర్లొచ్చింది. "ఎన్ని పాకలు?" అంటే "ఎనిమిదో తొమ్మిదో" అంది. గోడలు తడికెలు, కింద వైపు మట్టి మెత్తారు. కట్ట వాలు మీద ఉన్నాయి కాబట్టి వెనక వైపు రాళ్ళు పేర్చి ఎత్తుచేశారు. తాటాకు కోసం కొబ్బరి పీచు, తడికెల కోసం చీపురు పుల్లల చీలికలు, పట్టా కోసం నీలం రంగేసిన టిష్యూ కాయితం. పొద్దున్నే చెంబులు పట్టుకుని కట్ట వెంట నడిచే మనుషుల్ని కూడా పెట్టాలి. అదీ ఉండేది, అదీ నేను పెట్టలేదు.

"నువ్వెప్పుడైనా లోపలికెళ్ళావా?" అని అడిగాను.

"ఒక్కసారి. కూతురు నీళ్ళాడితే చీర పట్టుకెళ్ళా. దణ్ణెం, ట్రంకుపెట్టె, మూల రెండు కుండలు. కూచోమంది, పీట వేసింది." కాసేపాగి అంది, "అప్పుడే బండొచ్చింది. మనింట్లో కూత వినపడేది కదా, అక్కడ అలా కాదు. ఇల్లంతా ఊగింది. పైనించి మట్టి రాలింది. నేను హడిలిపోయి లేచాను. ఆవిడ మాత్రం మాట ఆపకుండానే, ఒళ్ళో పసిదాని చెవులు రెండూ అరచేతుల్తో మూసింది. బండి వెళ్ళాక తీసింది."

ఏ బండి అని అడిగాను. పొద్దున బందరు పాసింజరే.

పైన మూడు వాక్యాలు గుర్తుపెట్టుకోమన్నాను కదా. అవి అబద్ధాలు కావు. ఆ కూత నిజంగానే మా గడియారం. కానీ అదే బండి అదే నిమిషంలో ముప్పై అడుగుల అవతల ఇంకొకరికి ఏమిటో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. నా లేఅవుట్లో ఆ రైలు బాగా తిరుగుతుంది, చిన్న కూత కూడా వేస్తుంది. మా అమ్మాయి చప్పట్లు కొడుతుంది.

మనుషుల బొమ్మలు కొండపల్లి నుంచి తెచ్చుకున్న తెల్లపొణికి చెక్కతో చేస్తున్నాను. మెత్తటి చెక్క, చాకుకి బాగా లొంగుతుంది. చేతులూ గట్రా అతకడానికి అక్కడి కళాకారులు చేసినట్టే రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మక్కు చేసుకున్నాను. నాకు వాళ్ళ పనితనం ఎలాగూ రాదు, అందులోనూ రెండు సెంటీమీటర్ల మనిషి. ఒక ఆడమనిషి బొమ్మ చెక్కాను. పీట మీద కూచుని ఒళ్ళోకి వంగి ఉంటుంది. ఆ సైజులో చేతులు ఏం చేస్తున్నాయో ఎవరికీ కనపడదు. ఇంకా అతికించలేదు.

పేరేంటమ్మా అని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. కొలువు బొమ్మలు తిరిగి డబ్బాలో సర్దేటప్పుడు, చిలకని కాయితంలో చుడుతూ చెప్పింది. ఆవిడ పేరు ఆవిడని అడక్కుండా ఇక్కడ రాయాలనిపించడం లేదు. అడగడానికి ఆవిడ ఎక్కడుందో మాకు తెలీదు. పట్టాలు తీసేసిన ఏడాది పనికి రావడం మానేసింది. "బందరు వెళ్ళిపోతున్నామండి అన్నట్టే గుర్తు" అంది అమ్మ. మళ్ళీ తనే, "అనలేదేమో. బందరామె కాబట్టి బందరే వెళ్ళుంటుందని నేననుకున్నానేమో" అంది.

ఇప్పటికి ఐదు పాకలయ్యాయి. నిన్న ఆదివారం అమ్మ టీ గ్లాసుతో వచ్చి, కాసేపు నిలబడి చూసి, కుళాయి తప్పు చోట ఉందని చెప్పింది. గేటు పక్కన కాదట. మూడో పాక ముందు. అక్కడ ఎప్పుడూ బిందెల వరస ఉండేదట. కుళాయి పీకాలి, బిందెలు చెయ్యాలి. ఎన్ని బిందెలో అమ్మని అడగాలి.